జగన్నాథ: ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్లలో ఈ పేరు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, బరంపురం, గుణుపూర్, రాయగడ, జయపురం, కోరాపుట్. ఈ ఊళ్లలో తెలుగు వినిపించే వీధుల్లో ఒక జగన్నాథం మాస్టారో, ఒక జగ్గారావు మామయ్యో ఎదురుపడుతూనే ఉంటారు. బిడ్డ పుట్టగానే పెద్దలు మొదట తలచే పేర్లలో ఇదొకటి. రెండు భాషలవారూ తమదనుకునే పేరు కనుక దీనిమీద సందేహాలూ ఎక్కువే. బారసాల ముందు తల్లిదండ్రులు, సర్టిఫికెట్లు సరిచేయించుకునేటప్పుడు పెద్దవాళ్లు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి.

జగన్నాథ అంటే అర్థం ఏమిటి?

జగత్తుకు నాథుడు, అంటే లోకానికి దిక్కయినవాడు. జగత్ + నాథ కలిసినప్పుడు మొదటి పదం చివరనున్న తకారం, పక్కనున్న నకారం వల్ల తానూ నకారమైపోతుంది. హైస్కూలు తెలుగు వ్యాకరణంలో అనునాసిక సంధికి ఇచ్చే ఉదాహరణల్లో ఈ పేరు తప్పక కనిపిస్తుంది.

రెండు పదాలనూ విడిగా చూస్తే అర్థం ఇంకా బాగా తెలుస్తుంది. ‘జగత్’ అంటే కదిలేది, నిలకడగా ఉండక సాగిపోతూ ఉండేది. ‘నాథుడు’ అన్న మాటకు ప్రభువు, భర్త అన్న అర్థాలు ఉన్నా దాని అసలు బలం ‘అనాథ’ అన్న మాటలో తెలుస్తుంది. నాథుడు లేనివాడు అనాథ, అడిగే దిక్కు లేనివాడు. కనుక జగన్నాథుడంటే లోకాన్ని ఏలేవాడని మాత్రమే కాదు, లోకం దిక్కులేనిది కాకుండా కాచేవాడని కూడా. పేరు పెట్టే తల్లిదండ్రులకు నేను ముందు చెప్పేది ఈ రెండో అర్థమే.

రాసేటప్పుడు ‘థ’ రాయాలా, ‘ధ’ రాయాలా?

‘థ’ రాయాలి. జగన్నాథ, విశ్వనాథ, రఘునాథ, గోపీనాథ, సోమనాథ అన్నింటిలోనూ ఇదే అక్షరం. తెలుగువాళ్లం ‘కథ’ను కూడా ‘కధ’ అని పలుకుతాం కనుక చేతిరాతలో ‘జగన్నాధం’ అలవాటైపోయింది. పెళ్లి శుభలేఖల్లో, దుకాణాల బోర్డులమీద, చివరికి శిలాఫలకాలమీద కూడా ఈ రూపం కనిపిస్తుంది.

అక్షరాల్లో తేడా చాలా చిన్నది. రెండింటికీ కింద ఒత్తు గీత ఉంటుంది. ‘థ’కు పొట్టలో ఒక చుక్క ఉంటుంది, ‘ధ’కు ఉండదు. బారసాలనాడు పళ్లెంలో బియ్యం పోసి, తండ్రి చేత ఉంగరంతో పేరు రాయిస్తారు కదా, అక్కడే ఆ చుక్క తప్పిపోతుంది. బియ్యంలో ఉంగరంతో గీత గీయడం సులువు, చుక్క పెట్టడం కష్టం. గింజలు జారి చుక్క పూడుకుపోతుంది. అక్కడ చుక్క నిలవకపోతే పోయేదేమీ లేదు, కాగితం మీద మాత్రం పోనివ్వకండి.

ఒడిశాలో ఉన్నవారికి ఇది ఇంకా ముఖ్యం. ఒడియా లిపిలో కూడా ఈ రెండు అక్షరాలూ చూపుకు దగ్గరగా ఉంటాయి, కానీ వాళ్లు పలుకులో ఆ తేడా పాటిస్తారు. ‘ధ’తో రాసిన జగన్నాథ పేరును చూస్తే ఒడియావారికి అది పుట్టుకలోనే వచ్చిన తప్పులా అనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల సంగతీ అంతే. ఆంధ్ర వైపు ‘డీ హెచ్’తో రాస్తారు, ఒడిశా వైపు ‘టీ హెచ్’తో రాస్తారు. ఒకే ఇంట్లో తాత భూమి పట్టాలో ఒక తీరుగా, మనవడి బడి రిజిస్టరులో ఇంకో తీరుగా ఉంటే వారసత్వ కాగితాల దగ్గర ‘ఇద్దరూ ఒక్కరే’ అని అఫిడవిట్ పెట్టవలసి వస్తుంది. కొత్తగా పేరు పెడుతున్నవారు ‘టీ హెచ్’ ఎంచుకోండి. అది మూలానికీ దగ్గర, మీరున్న రాష్ట్రపు వాడుకకూ దగ్గర.

జగన్నాథుడు, జగన్నాథం, జగన్నాథ్, జగన్నాథరావు: వీటిలో ఏది సరైనది?

అన్నీ సరైనవే. తెలుగులో ‘జగన్నాథుడు’ అంటే దేవుడు. మనిషికి మర్యాదగా ‘జగన్నాథం’ అంటాం, విశ్వనాథం, రామనాథం అన్నట్టే. ఒడియావారు చివరి అచ్చును మింగరు, అకారాన్ని కాస్త గుండ్రంగా పలుకుతారు. అందుకే వారి నోట అది మన చెవికి ‘జొగొన్నాథొ’ అని వినిపిస్తుంది. చివరి అచ్చును కోసేసి ‘జగన్నాథ్’ అనడం హిందీ పద్ధతి, ఇప్పుడు అన్ని చోట్లా అదే చెలామణిలో ఉంది.

సరిహద్దు తెలుగువారిలో పేరు చివర చేరే మాటలు కులాన్నీ ఊరినీ బట్టి మారతాయి. రావు, నాయుడు, దొర, పాత్రో, ఆచారి. ‘జగన్నాయకులు’ అన్న పేరు కూడా ఉంది. అది జగత్ + నాయక, అర్థం దాదాపు అదే అయినా పేరు వేరు.

ఈ పేరు ఎంత పాతది?

విష్ణువుకు విశేషణంగా చాలా పాతది. పూరీ దేవుడి పేరుగా స్థిరపడింది మాత్రం తర్వాత. పూరీ స్వామిని పాత శాసనాలు ఎక్కువగా పురుషోత్తముడనే పిలిచాయి. 14వ శతాబ్దం నాటికి జగన్నాథుడన్న పేరు నిలదొక్కుకుంది. శ్రీకాకుళం, గంజాం, గజపతి జిల్లాల్లో పురుషోత్తం అన్న పేరు కూడా విరివిగా వినిపిస్తుంది. ఆ రెండు పేర్లూ ఒకే స్వామివి కనుక అన్నకు పురుషోత్తం, తమ్ముడికి జగన్నాథం అని పెట్టిన ఇళ్లు చూస్తే నాకు ముచ్చటగా ఉంటుంది.

ఈ ప్రాంతపు తెలుగువారు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఇప్పుడు మనం చూస్తున్న పూరీ పెద్ద గుడిని 12వ శతాబ్దంలో మొదలుపెట్టించినవాడు తూర్పు గంగ రాజు అనంతవర్మ చోడగంగదేవుడు. ఆయన 1078లో గద్దెనెక్కాడు. తర్వాత రాజధాని కటక్ వైపు మారింది గానీ, అప్పటికి గంగుల రాజధాని కళింగనగరం. అదే నేటి శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డునున్న ముఖలింగం. పర్లాకిమిడి నుంచి అక్కడికి పెద్ద దూరం లేదు. ముఖలింగంలోనూ శ్రీకూర్మంలోనూ గంగుల కాలపు తెలుగు శాసనాలు గోడల నిండా, స్తంభాల నిండా ఉన్నాయి. ‘ఇది ఒడియావాళ్ల పేరు, మనకెందుకు’ అనే పిల్లలకు ఆ స్తంభాలు చూపించండి. ‘ఇది మనదే, వాళ్లది కాదు’ అనే పెద్దలకు పూరీ చూపించండి. ఈ పేరు రెండు వైపులా ఒకే కాలంలో పెరిగింది.

పర్లాకిమిడి జమీందార్లు తమను గంగ వంశం వారమని చెప్పుకున్నారు. వారిలో జగన్నాథ గజపతి నారాయణ దేవ్ అన్న పేరు 18వ శతాబ్దంలోనే కనిపిస్తుంది. రాజు పేరు ప్రజల ఇళ్లలోకి దిగడం ఎక్కడైనా ఉన్నదే.

జగన్నాథ అన్నది శవర మాట నుంచి పుట్టిందంటారు, నిజమేనా?

శవరులంటే ఈ కొండల్లోని గిరిజనులు. అలాంటి వాదన ఉంది. పేరు వరకు నేను ఒప్పుకోను. సంస్కృత పదాలు రెండూ స్పష్టంగా కనిపిస్తుండగా వేరే మూలం వెతకవలసిన పని లేదు.

అయితే దేవుడి కథ వేరు. శవరుల పెద్ద విశ్వావసువు అడవిలో ఈ స్వామినే నీలమాధవుడన్న రూపంలో కొలిచేవాడని, రాజు పంపిన విద్యాపతి ఆ చోటు కనిపెట్టి విశ్వావసువు కూతురు లలితను పెళ్లాడాడని పూరీ స్థలపురాణం చెబుతుంది. వారి సంతతిగా చెప్పుకునే దైతాపతులు ఈనాటికీ రథయాత్ర రోజుల్లో స్వామి సేవ చేస్తారు. నవకళేబరంలో పాత విగ్రహాలను పూడ్చి కొత్తవి ప్రతిష్ఠించినప్పుడు, ఇంట్లో మనిషి పోయినట్టే మైల పడతారు. చివరిసారి నవకళేబరం జరిగింది 2015లో, అంతకు ముందు 1996లో. కోరాపుట్‌లోని జగన్నాథ ఆలయాన్ని శబర శ్రీక్షేత్రమని పిలవడం కూడా ఈ బంధాన్ని గుర్తుచేయడానికే.

శవర భాష ప్రస్తావన వచ్చినప్పుడు గిడుగు వెంకట రామమూర్తి గారిని తలవకుండా ఉండలేం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆ కొండల్లోని శవరుల భాష నేర్చుకుని, వ్యాకరణం రాసి, నిఘంటువులు కూర్చారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఊళ్లో మిగిలిన తెలుగు కుటుంబాల వారసులే ఇప్పుడు ఈ ప్రశ్నలు అడుగుతున్నది.

ఈ పేరుగల ప్రసిద్ధులు ఎవరు?

తెలుగువారిలో మొదట చెప్పవలసింది జగన్నాథ పండితరాయలు. కోనసీమలోని ముంగండ ఆయన ఊరు. 17వ శతాబ్దంలో షాజహాను కొలువులో ఉండి పండితరాజ బిరుదు పొందాడు. సంస్కృత అలంకారశాస్త్రంలో ఆయన రసగంగాధరం చివరి మహాగ్రంథమని పండితుల మాట.

ఒడియావారికి ఈ పేరు వినగానే గుర్తొచ్చేది 16వ శతాబ్దపు జగన్నాథ దాసు. ఆయన ఒడియాలో చెప్పిన భాగవతం కోసం ఊళ్లలో భాగవత టుంగీలని వేరుగా గుడిసెలు కట్టుకుని సాయంత్రాలు చదువుకునేవారు. మనకు పోతన ఎంతో వారికి ఆయన అంత. ఒడియా బడిలో చదివే తెలుగు పిల్లలకు ఈ ఇద్దరి పేర్లూ తెలిసి ఉండాలని నా కోరిక.

కన్నడంలో హరిదాసు జగన్నాథ దాసు ఉన్నాడు. చైతన్య మహాప్రభువు తండ్రి పేరు జగన్నాథ మిశ్ర. జైపూరు రాజు జైసింగు కొలువులో యూక్లిడ్ రేఖాగణితాన్ని అరబ్బీ నుంచి సంస్కృతంలోకి తెచ్చినవాడు జగన్నాథ సమ్రాట్. బొంబాయిలో 19వ శతాబ్దపు దాత జగన్నాథ శంకర్‌సేఠ్. మారిషస్ ప్రధానిగా పనిచేసిన అనిరుద్ధ జగన్నాథ్ ఇంటిపేరు కూడా ఇదే, అక్కడి వాడుకలో జగ్‌నాథ్ అయింది. 1817లో ఖుర్దాలో పాయికులను, అంటే ఆ రాజ్యపు పాత సైనికులను కూడగట్టి ఈస్టిండియా కంపెనీమీద తిరగబడిన బక్షి జగబంధు పేరు దీనికి తోబుట్టువు.

ముద్దుపేర్లు ఏమున్నాయి?

జగ్గు, జగ్గడు, జగ్గయ్య, జగ్గారావు. ఒడియాలో జగా, జగు. ‘జగా’ అని స్వామిని కూడా చనువుగా పిలుస్తారు, నల్లనివాడు కనుక ‘కాళియా’ అంటారు. దేవుణ్ణి అంత దగ్గరితనంతో పిలవడం వాళ్ల దగ్గర నేర్చుకోవలసిన విషయం.

జగ్గయ్య ముద్దుపేరుగానే ఉండిపోలేదు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరున బేతవోలును జగ్గయ్యపేట చేశాడు. గంభీరమైన గొంతుతో తెలుగు సినిమాను ఏలిన కొంగర జగ్గయ్య 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు కూడా వెళ్లాడు.

‘జగన్’ అని పెడితే సరిపోదా?

సరిపోతుంది, అది మీ ఇష్టం. తెలిసి పెట్టండి అనే నా మాట. ‘జగత్’ అన్న పదం ‘జగన్’ అయ్యేది పక్కన న లేదా మ వచ్చినప్పుడే, జగన్నాథ, జగన్మోహన అన్నట్టు. విడిగా ‘జగన్’ అంటే వెనకాల రావలసిన మాట కోసం చెవి ఎదురుచూస్తుంది. పైగా ఆంధ్రలో ఆ పొట్టి పేరు రాజకీయాలతో బాగా ముడిపడింది. పిలవడానికి జగన్ అనుకున్నా కాగితం మీద పూర్తి పేరు ఉంచండి. పెద్దయ్యాక ఏది వాడుకోవాలో బిడ్డే నిర్ణయించుకుంటాడు.

ఇప్పుడు ఈ పేరు ఎంతమంది పెడుతున్నారు?

తాతల తరంలో ఉన్నంత వాడుక ఇప్పుడు లేదు. తెలుగు ఇళ్లలో మూడక్షరాల కొత్త పేర్లు వచ్చాయి. జగన్నాథం అంటే పంచె కట్టిన పెద్దాయన కళ్ల ముందు మెదులుతున్నాడని యువ తల్లిదండ్రులు అంటారు. ఒడియా ఇళ్లలో పేరు తగ్గినా భావం తగ్గలేదు. జగబంధు, నీలమాధవ్, బలభద్ర, పురుషోత్తమ్ వంటి పేర్ల రూపంలో స్వామి వారి ఇళ్లలో తిరుగుతూనే ఉన్నాడు.

సరిహద్దు జిల్లాల్లో మూడు సందర్భాల్లో ఈ పేరు ఇంకా బలంగా వస్తుంది. పూరీకి మొక్కుకుని కన్న బిడ్డకు. ఆషాఢ శుద్ధ విదియ రథయాత్రకూ తిరుగు రథయాత్రకూ మధ్య రోజుల్లో పుట్టినవాడికి. తాత పేరు నిలపవలసిన పెద్ద మనవడికి.

తాత పేరు పెడితే కోడలు దాన్ని ఎలా పలుకుతుంది?

మా వైపు ఇళ్లలో ఇది నిజంగా వచ్చే చిక్కే. మామగారి పేరు నోటితో అనకూడదని పాటించే కోడళ్లు ఇంకా ఉన్నారు. మరి కన్నకొడుకుకు అదే పేరైతే? అందుకే అలాంటి పిల్లవాణ్ణి తాతబాబు, తాతాజీ, చిన్నతాత అని పిలుస్తారు. మూడేళ్లవాణ్ణి ‘తాతా, అన్నం తినరా’ అని తల్లి బతిమాలడం ఈ ఊళ్లలో వినవచ్చు. పిలిచే పేరు అలా ఉన్నా బడిలో పూర్తి పేరుకు పలకడం పిల్లవాడికి ముందే నేర్పండి. మొదటి రోజు హాజరు పిలిచినప్పుడు ‘జగన్నాథ’ అంటే తనే అని తెలియక ఊరుకున్న పిల్లలు ఉన్నారు.

ఈ ప్రాంతపు ఇంకో అందమైన మర్యాద కూడా చెప్పాలి. ఒడిశా పల్లెల్లో ఇద్దరు పూరీ మహాప్రసాదం పంచుకుని జీవితకాలపు స్నేహం కట్టుకుంటే, ఆనాటి నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. ‘మహాప్రసాద్’ అనే పిలుచుకుంటారు.

ఆడపిల్లకు ఈ వరసలో ఏ పేరు పెట్టవచ్చు?

సుభద్ర. అన్నలిద్దరి మధ్య రథమెక్కే చెల్లెలు. 2024లో ఒడిశా ప్రభుత్వం మహిళల కోసం తెచ్చిన పథకానికి సుభద్ర యోజన అని పేరు పెట్టడంతో ఈ మాట మళ్లీ ఇంటింటా వినిపిస్తోంది. తెలుగులోనూ ఒడియాలోనూ ఒకేలా రాస్తారు, సర్టిఫికెట్లలో చిక్కులేని పేరు.

ఏ నక్షత్రానికి కుదురుతుంది?

పంచాంగం ప్రకారం ‘జ’ అక్షరం ఉత్తరాషాఢ మూడో పాదానిది, మకర రాశి. వేరే నక్షత్రమైతే జన్మనామం ఒకటి పెట్టుకుని వ్యవహారనామంగా జగన్నాథ ఉంచుకోవచ్చు. పెద్దలు చేసేదీ అదే.

శైవ కుటుంబాలవారు పెట్టుకోవచ్చా?

నిరభ్యంతరంగా. ముఖలింగేశ్వరుణ్ణి కొలిచే ఇళ్లలోనూ జగన్నాథాలు ఉన్నారు.

ఇంటిపేరు ముందు రాయాలా, వెనక రాయాలా?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. తెలుగువారికి ఇంటిపేరు ముందు. ఒడియావారికి వంశనామం చివర. ఒక పిల్లవాడి పేరు పొట్నూరు జగన్నాథరావు అనుకుందాం. ఒడిశాలో బడిలో చేర్చేటప్పుడు గుమస్తా చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంటాడు. అతని తప్పేమీ కాదు, అక్కడి పద్ధతి అది. దాంతో ‘జగన్నాథరావు’ రెండుగా విరిగి, పేరు జగన్నాథ్, ఇంటిపేరు రావు అవుతుంది. పొట్నూరు ‘పీ’ అన్న ఒక్క అక్షరంగా ముందు మిగులుతుంది, లేదా పూర్తిగా పోతుంది. రెండు తరాలు గడిచేసరికి అన్నదమ్ముల పిల్లలు కొందరు రావు, కొందరు పాత్రో, కొందరు పొట్నూరు అయిపోతారు. ఆంధ్రలో సంబంధం చూసేటప్పుడు ‘మీ ఇంటిపేరు ఏమిటి’ అంటే, పిల్లవాడు ‘రావు’ అని చెప్పే స్థితి వస్తుంది.

నా సలహా ఇది. ఒడిశాలోనే చదువు, ఉద్యోగం అనుకుంటే జగన్నాథ పొట్నూరు అని, ఇంటిపేరును చివరికి తెచ్చి పూర్తిగా రాయించండి. ‘రావు’ను వదిలేయండి, లేదా జగన్నాథరావు అని కలిపి ఒకే మాటగా రాయించండి. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించకండి. పాస్‌పోర్టు దరఖాస్తులో పేరుకూ ఇంటిపేరుకూ వేర్వేరు గళ్లు ఉంటాయి, అక్కడ పొడి అక్షరం ఇబ్బంది పెడుతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో పడిన రూపమే జీవితాంతం వెంట వస్తుంది కనుక ఆ ఫారం నింపే రోజు మీరే బడికి వెళ్లి చూసుకోండి.

జనన ధ్రువపత్రంలో పేరు ఎప్పుడు రాయించాలి?

చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు కావాలి. ఒడియా ఇళ్లలో నామకరణం చేసే ‘ఏకోఇశా’ కూడా 21వ రోజే, మన బారసాల కూడా చాలా ఇళ్లలో ఆ రోజే. అందుకే పేరు తేలకముందే గడువు ముగుస్తుందని కంగారు పడతారు. అవసరం లేదు. పేరు లేకుండా జననం నమోదు చేయించవచ్చు. తర్వాత 12 నెలల్లోపు పేరు చేర్పించడానికి రుసుము ఉండదు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుము కట్టి చేర్పించుకోవచ్చు.

2023 అక్టోబరు 1 నుంచి, ఆ తేదీనా ఆ తర్వాతా పుట్టినవారికి బడి చేరిక, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు నమోదు వంటివాటికి పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే ఆధారం. అందుకని తొందరపడి ఆసుపత్రి కౌంటరు దగ్గర నోటితో పేరు చెప్పకండి. మీరు కోరుకున్న అక్షరాలతో ఇంగ్లీషులో, ఒడియాలో, తెలుగులో మూడు వరుసలు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఒడియా రాయడం రాకపోతే పొరుగువారిని అడగండి, ఈ పేరు రాయమంటే వాళ్లు సంతోషంగా రాస్తారు.

ఇప్పటికే తప్పు పడిపోతే?

నమోదులో దొర్లిన తప్పును రుజువులు చూసి సరిదిద్దే అధికారం జనన మరణాల రిజిస్ట్రారుకు ఉంది. తల్లిదండ్రుల గుర్తింపు కాగితాలు, ఆసుపత్రి పత్రం పట్టుకెళ్లి దరఖాస్తు ఇవ్వండి. బిడ్డ బడిలో చేరకముందు ఒక్క కాగితం మారిస్తే చాలు. చేరిన తర్వాత బడి రిజిస్టరు, ఆధార్, బ్యాంకు పుస్తకం అన్నీ వరసగా మార్చాలి.